పెట్రోలా, డీజిలా? బస్తరు దారి చెప్పే జవాబు

రాయపూర్ నుండి దక్షిణంగా బయలుదేరే 30వ నంబరు జాతీయ రహదారికి తెలుగువారితో దగ్గరి చుట్టరికం ఉన్నది. ధమ్‌తరి, కాంకేర్ పట్టణాలను దాటి, కేశ్‌కాల్ కనుమ మలుపులను ఎక్కి, కొండగావ్ మీదుగా జగదల్పూర్ చేరే ఆ దారి అక్కడితో ఆగదు. సుక్మా, కోంటాల మీదుగా శబరి నది ఒడ్డున తెలుగునేల మీద అడుగుపెడుతుంది. చింతూరు, భద్రాచలం, కొత్తగూడెం తాకి, చివరకు విజయవాడ చెంతనున్న ఇబ్రహీంపట్నంలో విశ్రమిస్తుంది. రాయపూర్, భిలాయి, జగదల్పూర్ పట్టణాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది పుట్టింటి దారి. బైలాడిలా ఇనుప గనుల ఉద్యోగులకు, కలప, ధాన్యం వర్తకులకు, గుత్తేదార్లకు ఇది బ్రతుకుదారి.

ఈ రహదారి మీద కారైనా నడుస్తుంది. చిక్కంతా రహదారి నుండి అడవిలోకి చీలిపోయే మట్టిబాటల దగ్గర మొదలవుతుంది. ఆషాఢం రాగానే వాగులు పొంగుతాయి. నిన్నటి బాట నేడు కనిపించదు. అటువంటి చోట నాలుగు చక్రాలకూ శక్తి అందే జీపు అవసరమవుతుంది. వ్యవహారంలో దీనినే ‘ఫోర్ వీల్ డ్రైవ్’ అంటున్నారు. వాన కురిసే రాత్రి పురిటినొప్పులు పడుతున్న స్త్రీని ఆసుపత్రికి చేర్చవలసి వచ్చినప్పుడు, ఊరిలో అటువంటి బండి ఒక్కటే ఉంటే, అది యజమానిది ఒక్కడిదే కాదు, ఊరందరిదీ. ఆ బండి మార్గమధ్యంలో మొరాయించకూడదు.

పది లక్షలకు పైగా ధనం వెచ్చించి ఆ జీపును కొనబోయే గృహస్థుకు ఎదురయ్యే మొదటి ప్రశ్న: పెట్రోలు ఇంజనా, డీజిల్ ఇంజనా?

తండ్రుల తరం ఈ ప్రశ్నకు ఒకే మాటలో జవాబు చెప్పింది: డీజిల్. ఆ కాలానికి ఆ జవాబు సరైనదే. అయితే దానిని నిలబెట్టిన కారణాలు కొన్ని ఇప్పుడు లేవు. కొన్ని మిగిలే ఉన్నాయి. మరికొన్ని తలక్రిందులైనాయి. వీటిని వేరుచేసి చూడనివాడు పాతకాలపు సలహాకు కొత్తకాలపు ధర చెల్లిస్తాడు.

రెండు రకాల నిప్పు

పెట్రోలు ఇంజనుకూ డీజిల్ ఇంజనుకూ గల అసలు భేదం నిప్పు పుట్టించే తీరులో ఉన్నది. 1876లో జర్మనీకి చెందిన నికొలాస్ ఆటో రూపొందించిన నాలుగు దశల ఇంజనే నేటి పెట్రోలు ఇంజనుకు మూలపురుషుడు. ఇందులో గాలి, ఇంధనం కలిసిన మిశ్రమాన్ని సిలిండరులో పది వంతులకు అటూ ఇటూగా అదిమి, స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వతో అంటిస్తారు.

డీజిల్ ఇంజనులో రవ్వ లేదు. గాలిని ఒక్కదానినే పదిహేను, ఇరవై వంతుల దాకా అదుముతారు. సైకిలు పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు అడుగు వెచ్చబడడం అందరికీ అనుభవమే. ఇక్కడ గాలి అయిదారు వందల డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడిలోకి ఇంధనాన్ని చిమ్మగానే అది తనంతట తానే మండుతుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఔగ్స్‌బర్గ్ నగరంలో తన యంత్రాన్ని పరీక్షకు పెట్టినప్పుడు, ఇంధనంలోని శక్తిలో నాలుగోవంతుకు పైగా పనిగా మారింది. ఆనాటి ఆవిరి యంత్రాలు పదోవంతును రాబట్టడమే గొప్ప.

ఇంధనం పొదుపు, మెల్లగా తిరుగుతున్నప్పుడు సైతం బరువు లాగే బలం డీజిల్ ఇంజనుకు పుట్టుకతో వచ్చిన గుణాలు. దీనికి తోడు ఒక లీటరు డీజిల్‌లో ఒక లీటరు పెట్రోలులో కంటే పదిశాతానికి పైగా ఎక్కువ శక్తి ఇమిడి ఉంటుంది. అంత ఒత్తిడిని తట్టుకోవాలి కనుక ఇంజను దళసరిగా, బరువుగా ఉండక తప్పదు. చప్పుడు, ధర కూడా హెచ్చే. ఈ స్థూల సత్యాలు నూరేళ్ళు దాటినా మారలేదు.

జీపు డీజిల్‌కు మారిన కథ

చిత్రమేమంటే జీపు పుట్టింది పెట్రోలుతోనే. 1941లో అమెరికన్ సైన్యం కోసం తయారైన విల్లీస్ జీపులో 2.2 లీటర్ల పెట్రోలు ఇంజను ఉండేది. దాని శక్తి అరవై గుర్రాలు. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక, 1947లో బొంబాయిలో మహీంద్రా సంస్థ విడిభాగాలు తెప్పించి బిగించడం ప్రారంభించిన జీపులు కూడా పెట్రోలువే. తహసీల్దారు పర్యటనకు, అటవీ అధికారి గస్తీకి, ఎన్నికల పెట్టెల రవాణాకు మన దేశపు పల్లెలు ఎరిగిన ప్రభుత్వ వాహనం చాలాకాలం అదే.

ఆ జీపుకు దాహం ఎక్కువ. 1973లో పశ్చిమాసియా యుద్ధం తర్వాత కొన్ని నెలలలోనే ముడిచమురు ధర పీపాకు మూడు డాలర్ల నుండి పదకొండు, పన్నెండు డాలర్లకు ఎగబాకింది. పెట్రోలు ధర పెంపుకు నిరసనగా ఆ ఏడాది నవంబరులో అటల్ బిహారీ వాజపేయి ఎద్దుబండిలో పార్లమెంటుకు వెళ్ళిన సంగతి ప్రసిద్ధమే. ఆ దెబ్బతో జీపు యజమానుల దృష్టి డీజిల్ మీదకు మళ్ళింది. పెట్రోలు ఇంజనును విప్పి, దాని స్థానంలో ట్రాక్టరుదో, వ్యానుదో డీజిల్ ఇంజను బిగించే మెకానిక్కులకు ఊరూరా గిరాకీ పెరిగింది. సంస్థ కూడా తన ట్రాక్టరు వంశానికి చెందిన డీజిల్ ఇంజనును జీపులో అమర్చింది. తర్వాత ఫ్రాన్సులోని ప్యూజో సంస్థ రూపకల్పన చేసిన ఇంజనును తెచ్చింది. 2010లో ‘థార్’ పేరుతో వచ్చిన జీపు డీజిల్‌తోనే వచ్చింది.

ఈ ప్రవాహానికి ఎదురీదిన బండి ఒకటున్నది. 1985లో మారుతీ సంస్థ విడుదల చేసిన జిప్సీ చివరి దాకా పెట్రోలు బండిగానే మిగిలింది. తేలిక శరీరం, చిన్న ఇంజను, తక్కువ చప్పుడు దానికి పెట్టుబడి. భారత సైన్యం దానిని వేల సంఖ్యలో కొన్నది. పులుల అభయారణ్యాలలో సందర్శకులను తిప్పడానికీ అదే వాడుకలోకి వచ్చింది. జింకలు బెదరకుండా మెల్లగా పోవలసిన చోట డీజిల్ గడగడ పనికిరాదు కదా! జీపుకు డీజిల్ తప్ప గతిలేదన్న మాట అప్పుడు కూడా పూర్తి సత్యం కాదనడానికి జిప్సీయే సాక్ష్యం.

చెల్లని నాణేలు

డీజిల్ పక్షాన పెద్దలు చెప్పే కారణాలలో మొదటిది నీరు. పాత పెట్రోలు జీపులో ప్లగ్గులకు విద్యుత్తు పంచే డిస్ట్రిబ్యూటర్ అనే భాగం ఉండేది. వాగు దాటేటప్పుడు దాని మీద నీళ్ళు చిందితే రవ్వ ఆగి, బండి నడివాగులో నిలిచిపోయేది. రవ్వతో పనిలేని డీజిల్ జీపు మాత్రం పొగ చిమ్ముతూ ఒడ్డు చేరేది. నేటి పెట్రోలు ఇంజనులలో డిస్ట్రిబ్యూటర్ లేదు. ప్రతి ప్లగ్గుకూ నెత్తి మీదనే విద్యుత్తు అందించే కాయిల్, దానికి తడి తగలకుండా రబ్బరు కప్పు ఉన్నాయి. ఇటు నేటి డీజిల్ ఇంజను కూడా అమాయక యంత్రం కాదు. దానిని నడిపేదీ ఎలక్ట్రానిక్ మెదడే. తడి విషయంలో ఇద్దరి మధ్య తేడా దాదాపు చెరిగిపోయింది.

మిగిలినది ఒక ప్రమాదం. ఇంజను గాలి పీల్చే గొట్టంలోకి నీరు చొరబడితే, గాలిలాగా నీరు అణగదు కనుక, లోపలి కడ్డీలు వంగిపోతాయి. ఇది రెండు ఇంజనులకూ ప్రాణాంతకమే. నీటిలో ఆగిపోయిన బండిని మళ్ళీ మళ్ళీ స్టార్ట్ చేయబోవడం ఏ ఇంధనంతోనైనా తప్పే. వాగు లోతును మనిషి దిగి చూసుకోవాలన్న పాత నియమం ఇంధనంతో నిమిత్తం లేకుండా చెల్లుతుంది.

రెండవ కారణం ఎండ. రాయపూర్‌లో మే మాసపు ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. పాత పెట్రోలు జీపులో ఆ వేడికి గొట్టంలోని పెట్రోలు ఆవిరై, పంపు పట్టుదప్పి, బండి దారిలో ఆగేది. డ్రైవరు దిగి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ కప్పి, చెట్టునీడన కూర్చుని బీడీ కాల్చుకోవడం ఆనాటి ప్రయాణాలలో మామూలు. కార్బురేటర్ పోయి, ట్యాంకులోనే పంపు అమర్చి, ఒత్తిడితో ఇంధనాన్ని చిమ్మే పద్ధతి వచ్చాక ఆ బాధ తీరినట్లే.

మూడవది మెల్లగా ఎక్కే బలం. దీనిని మెకానిక్కులు ‘టార్క్’ అంటారు. చక్రాన్ని తిప్పే బలం అన్నమాట. 2020లో వచ్చిన కొత్త థార్‌లో పెట్రోలు, డీజిల్ రెండు ఇంజనులూ ఇచ్చారు. గేర్లు చేతితో మార్చే రకంలో రెండింటి గరిష్ఠ టార్క్ సమానమే, 300 న్యూటన్ మీటర్లు. అంతకంటే ఆశ్చర్యం మరొకటి: ఆ బలం పెట్రోలు ఇంజనుకు నిమిషానికి 1250 చుట్లకే అందుతుంది, డీజిల్ ఇంజనుకు 1600 చుట్లు కావాలి. టర్బో అనే గాలిమర పెట్రోలు ఇంజనుకు ఈ వరమిచ్చింది. దీని అర్థం అన్ని పెట్రోలు జీపులూ బలమైనవని కాదు. 2023లో వచ్చిన జిమ్నీకి టర్బో లేదు. దాని టార్క్ 134 న్యూటన్ మీటర్లే, అది కూడా 4000 చుట్ల దగ్గర. అయితే దాని బరువు సుమారు 1200 కిలోలే కావడం, లో గేరు పెట్టె ఉండడం ఆ లోటును పూడుస్తున్నాయి. లో గేరు వేసినప్పుడు చక్రం దగ్గరి బలం రెట్టింపు అవుతుంది. బురద నుండి గట్టెక్కించేది ఎక్కువగా ఆ గేరు, టైర్లు, డ్రైవరు ఓర్పు.

నేల గుణం

ఛత్తీస్‌గఢ్ రైతు తన నేలను నాలుగు పేర్లతో పిలుస్తాడు: భాటా, మటాసీ, డోర్సా, కన్హార్. భాటా ఎర్రని గరపనేల. వాన కురిసిన గంటకే నీరు ఇంకిపోతుంది. కన్హార్ మన నల్లరేగడికి తోబుట్టువు. తడిస్తే చక్రాన్ని పట్టి లోపలికి గుంజుతుంది. మటాసీ, డోర్సాలు ఈ రెండింటికీ మధ్యవి.

భాటా నేలల మీద, రాతి బాటల మీద, కొండ ఎక్కుళ్ళలో బరువు పెద్ద దోషం కాదు. సరుకు నింపుకొని, నిదానంగా, గంటల తరబడి లాగవలసిన చోట డీజిల్ నేటికీ ముందే ఉంటుంది. కన్హార్ బురదలో సంగతి వేరు. ముందు చక్రాల మీద డీజిల్ ఇంజను అదనపు బరువు పడుతుంది. తేలికైన బండి దిగబడకుండా పోయే చోట బరువైనది కూరుకుపోవచ్చు. కనుక కొనేవాడు ఇంజను గుణగణాల కంటే ముందు తాను దాటవలసిన నేల ఏదో తెలుసుకోవాలి.

అడవిదారుల విషయంలో డీజిల్‌కు మరొక న్యాయమైన ఆధిక్యం ఉన్నది. దక్షిణ బస్తరులో బంకుకూ బంకుకూ మధ్య దూరం ఎక్కువ. అదనపు ఇంధనాన్ని డబ్బాలో వెంట తీసుకుపోవలసిన అగత్యం కలుగుతుంది. పెట్రోలు గడ్డకట్టే చలిలో సైతం మండే ఆవిరిని వదులుతుంది. నడివేసవిలో మూసిన బండిలో పెట్రోలు డబ్బా పెట్టుకొని పోవడం నిప్పుతో చెలగాటమే. డీజిల్ అంత సులభంగా ఆవిరి కాదు, అంటుకోదు. పైగా ఒక ట్యాంకు డీజిల్‌తో పోగల దూరం ఎక్కువ కనుక డబ్బా అవసరమే తగ్గుతుంది. దూరాభారం పోయేవారికి ఇది పొదుపుతో పాటు భద్రతకూ సంబంధించిన విషయం.

మసి జల్లెడ

తండ్రుల తరానికి తెలియని కొత్త షరతు ఒకటి 2020 ఏప్రిల్ 1న వచ్చింది. ఆ రోజు నుండి దేశమంతటా ‘భారత్ స్టేజ్ 6’ ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఇంధనంలోని గంధకం పది లక్షల పాళ్ళకు 50 నుండి 10 పాళ్ళకు తగ్గింది. డీజిల్ పొగలోని మసిని పట్టి ఉంచే జల్లెడ తప్పనిసరి అయింది. దీనిని మెకానిక్కులు ‘డీపీఎఫ్’ అంటున్నారు.

ఈ జల్లెడ వంటింటి పొయ్యి మీది పొగగొట్టం వంటిది. నిండితే శుభ్రం చేయాలి. శుభ్రం చేసే పని ఇంజనే చేసుకుంటుంది. జల్లెడ ఉష్ణోగ్రతను 600 డిగ్రీల ప్రాంతానికి పెంచి, పేరుకున్న మసిని కాల్చివేస్తుంది. అయితే అందుకు బండి కొంతసేపు ఆగకుండా, ఒకే వేగంతో పోవాలి. రాయపూర్ నుండి జగదల్పూర్‌కు సుమారు 300 కిలోమీటర్లు పోయే బండికి ఇది ఎప్పుడు జరిగిందో కూడా తెలియదు. శంకర్‌నగర్ నుండి జయస్తంభ్ చౌక్‌కు, అక్కడి నుండి పిల్లల బడికి, సాయంత్రం కూరగాయల బజారుకు మాత్రమే తిరిగే బండికి ఆ అవకాశమే చిక్కదు. ఇంజను వేడెక్కక ముందే గమ్యం వచ్చేస్తుంది. మసి సగం కాలి ఆగిపోతుంది. కాల్చడానికి అదనంగా చిమ్మిన ఇంధనంలో కొంత సిలిండరు గోడల వెంట జారి ఇంజను ఆయిలులో కలుస్తుంది. కొన్నాళ్ళకు ముందున్న అద్దాల పలకలో హెచ్చరిక దీపం వెలుగుతుంది. దానిని పట్టించుకోకపోతే జల్లెడ మార్పిడికి అయ్యే ఖర్చు ఏళ్ళ తరబడి డీజిల్‌తో చేసిన పొదుపును ఒక్కసారిగా మింగివేస్తుంది. కొన్ని బళ్ళలో దీనికి తోడు యూరియా ద్రావణాన్ని కూడా వేరే ట్యాంకులో నింపుకోవాలి. అది అయిపోతే బండి ఒకసారి ఆగాక మళ్ళీ స్టార్ట్ కానివ్వకుండా అడ్డుకునే ఏర్పాటు ఉంటుంది.

‘డీజిల్ మొండిది, దేనికైనా తట్టుకుంటుంది’ అన్న పాతమాట ఇక్కడే తలక్రిందులైంది. కల్తీ కిరోసిన్‌ను సైతం అరాయించుకున్న పాత ఇంజనుకూ, అతి సన్నని రంధ్రాల గుండా అతి ఒత్తిడితో ఇంధనం చిమ్మే నేటి ఇంజనుకూ పేరు ఒకటే, గుణం వేరు. నేటి డీజిల్ ఇంజనుకు శుభ్రమైన ఇంధనమూ, పొడవైన ప్రయాణమూ రెండూ కావాలి.

పెట్రోలు వైపు కూడా కొత్త చిక్కు లేకపోలేదు. చెరకు, బియ్యం, మొక్కజొన్నల నుండి తీసిన ఇథనాల్‌ను పెట్రోలులో కలపడం 2022 నాటికి పదిశాతానికి, 2025 నాటికి ఇరవై శాతానికి చేరింది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో కంటే మూడోవంతు తక్కువ. ఇరవై శాతం మిశ్రమానికి తగినట్లు రూపొందని కార్లలో మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చునని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం కూడా ఉన్నది. వానాకాలమంతా షెడ్డులో కదలక నిలిచిపోయే పాత పెట్రోలు జీపుకు ఇది మంచిది కాదు. తీసే ముందు ఆ బండి ఏ మిశ్రమానికి తగినదో తయారీదారు పుస్తకంలో చూసుకోవడం అవసరం.

ధర చెప్పే లెక్క

డీజిల్ మీది మోజుకు ఇంజను గుణం కొంత, ప్రభుత్వ ధరల విధానం మరికొంత కారణం. లారీలకు, బస్సులకు, ట్రాక్టర్లకు, నీటి పంపులకు ఆధారమని డీజిల్ ధరను ప్రభుత్వం చాలాకాలం అదుపులో ఉంచింది. పెట్రోలు ధర మీది అదుపును 2010 జూన్‌లో తొలగించింది. డీజిల్ మీది అదుపును 2014 అక్టోబరు దాకా కొనసాగించింది. ఈ మధ్యకాలంలో అంతరం విపరీతంగా పెరిగింది. 2012 మే చివరలో ఢిల్లీలో లీటరు పెట్రోలు 73 రూపాయలు దాటితే, డీజిల్ 41 రూపాయలలోపే ఉన్నది. పేదరైతు కోసం ఉద్దేశించిన చౌకధర పెద్దకార్ల ట్యాంకులలోకీ ప్రవహించింది. అదుపు తొలగిన తర్వాత ఆ అంతరం క్రమంగా కుంచించుకుపోయింది. ఇటీవలి సంవత్సరాలలో రాయపూర్‌లో అది లీటరుకు పది రూపాయలలోపే.

ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. పెట్రోలు జీపు లీటరుకు 9 కిలోమీటర్లు, డీజిల్ జీపు 12 కిలోమీటర్లు పోతాయనుకుందాం. డీజిల్ బండి ధర లక్ష రూపాయలు ఎక్కువనుకుందాం. పెట్రోలు లీటరు 100, డీజిల్ 93 రూపాయలైతే, కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు 11 రూపాయల 11 పైసలు, డీజిల్ ఖర్చు 7 రూపాయల 75 పైసలు. మిగులు 3 రూపాయల 36 పైసలు. అదనంగా పెట్టిన లక్ష తిరిగి రావాలంటే సుమారు 30 వేల కిలోమీటర్లు నడవాలి. ఇదే లెక్కను 2012 నాటి ధరలతో వేస్తే 21 వేల కిలోమీటర్లు చాలేవి.

నెలకు 2000 కిలోమీటర్లు తిరిగే గుత్తేదారుకు నేటి లెక్కలో ఆ లక్ష పదిహేను నెలలలో తిరిగివస్తుంది. ఆ తర్వాత ప్రతి కిలోమీటరూ లాభమే. నెలకు 500 కిలోమీటర్లు తిరిగే ఉద్యోగికి అయిదేళ్ళు పడుతుంది. ఆ అయిదేళ్ళలో మసి జల్లెడ ఒక్కసారి మొండికేస్తే లెక్క తారుమారవుతుంది. అంకెలు బండిని బట్టి మారతాయి. పద్ధతి మారదు. కొనేవాడు తన గత ఏడాది తిరుగుడును కాగితం మీద వ్రాసుకొని ఈ లెక్కను స్వయంగా వేసుకోవాలి.

ఊరి ఊపిరి

లెక్కల పుస్తకంలో కనబడని ఖర్చు మరొకటి ఉన్నది. 2012 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, డీజిల్ పొగను మానవులలో క్యాన్సర్ కలిగించే కారకాల మొదటి వర్గంలో చేర్చింది. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన నగరాల పట్టికలో, గాలిలో సూక్ష్మధూళి అత్యధికంగా ఉన్న మొదటి పది నగరాలలో రాయపూర్ ఒకటి. సిల్తరా, ఉర్లా పారిశ్రామికవాడలలోని ఇనుము, ఉక్కు కర్మాగారాల పొగ అందుకు ప్రధాన కారణమని అందరికీ తెలిసినదే. అయినా వీధిలో పిల్లవాడి ముఖం ఎత్తున పొగ వదిలేది వాహనమే.

ఇక్కడ న్యాయంగా చెప్పవలసినది ఒకటున్నది. జల్లెడ సక్రమంగా పనిచేసే కొత్త డీజిల్ బండి వదిలే మసి పాత డీజిల్ జీపుతో పోలిస్తే అతి స్వల్పం. అయితే కొందరు జల్లెడ మొరాయించగానే దానిని పీకించి, ఖాళీ గొట్టం బిగించుకుంటున్నారు. ఇది చట్టవిరుద్ధం. యజమాని మిగుల్చుకున్న డబ్బుకు పొరుగువారి ఊపిరితిత్తులు బాకీ తీరుస్తాయి. ఊళ్ళోనే తిరిగే బండికి డీజిల్ వద్దనడానికి ఈ ఒక్క కారణమే చాలు. ఎందుకంటే జల్లెడ పీకించే ప్రలోభం కలిగేది అటువంటి బళ్ళకే.

‘రేపు ఏ ఇంధనం రాజ్యం చేస్తుందో చూసి కొందాం’ అనేవారూ ఉన్నారు. ఛత్తీస్‌గఢ్ అనుభవం వారికి ఒక పాఠం. ఈ రాష్ట్రం 2005 ప్రాంతంలో అడవి ఆముదం గింజల నుండి జీవడీజిల్ తీయాలని పెద్దయెత్తున మొక్కలు నాటించింది. 2018 ఆగస్టులో డెహ్రాడూన్ నుండి ఢిల్లీకి జీవఇంధనం కలిపి ఎగిరిన విమానానికి ఛత్తీస్‌గఢ్ రైతుల గింజల నుండే నూనె తీశారు. అది గర్వించదగినదే. అయినా బంకులలో ఆ జీవడీజిల్ వరదలై పారలేదు. వచ్చింది పెట్రోలులో ఇథనాల్. ఇంధన విధానాలు వాతావరణం కంటే చంచలమైనవి. ఊహాజనితమైన రేపటిని నమ్ముకోవడం కంటే తెలిసిన నేటి దారిని చూసి కొనడమే వివేకం.

కొనబోయే ముందు

ఎంపిక పూర్తిగా కొనేవాడి చేతిలో లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2022లో వచ్చిన స్కార్పియో-ఎన్‌లో, 2024లో వచ్చిన థార్ రాక్స్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్ ఇంజనుతోనే ఇచ్చారు. ఫోర్స్ గూర్ఖా డీజిల్ బండే. జిమ్నీ పెట్రోలుకే పరిమితమైంది. మూడు తలుపుల థార్ వంటి కొద్ది బళ్ళలోనే రెండూ లభించాయి. ‘డీజిల్ ఎందుకు?’ అన్న ప్రశ్నకు ముందు ‘నాకు నాలుగు చక్రాల శక్తి నిజంగా అవసరమా?’ అన్న ప్రశ్న వేసుకుంటే, చాలామందికి రెండు ప్రశ్నలూ ఒకేసారి పరిష్కారమవుతాయి. ఏడాదికి రెండుసార్లు గంగ్రేల్ జలాశయానికి విహారం పోయేవారికి మంచి టైర్లున్న మామూలు బండి చాలు.

నిజంగా అవసరమున్నవారు మూడు విషయాలు విచారించుకోవాలి. బండి వారానికి ఒక్కసారైనా అరగంటసేపు ఆగకుండా రహదారి మీద పోతుందా? నెలకు వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్లు దాటుతుందా? బరువు మోయడం, బంకులు లేని దూరాలు పోవడం తరచు జరుగుతుందా? మూడింటికీ అవునంటే డీజిల్ కొనడంలో సందేహం అక్కరలేదు. కేశ్‌కాల్ ఎక్కి కోంటా దాకా పోయే బళ్ళకు అది నేటికీ నమ్మదగిన తోడు. మూడింటికీ కాదంటే పెట్రోలు మేలు. ఖరీదు, మరమ్మతు, చప్పుడు, పొగ నాలుగూ తగ్గుతాయి. జవాబులు కలగలుపుగా ఉంటే మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబునే పాటించాలి. ఎందుకంటే మిగిలిన రెండింటిలో పొరపాటు జరిగితే పోయేది కొంత డబ్బు. మొదటిదానిలో జరిగితే, ఏదో ఒక వానరాత్రి ఊరంతా ఎదురుచూస్తున్న వేళ, పలక మీద ఎర్రదీపం వెలిగి బండి కదలనంటుంది.